హైస్కూల్ ఆటలు, అమెరికా కాలేజీ అడ్మిషన్లు: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే మా చుట్టుపక్కల తెలుగిళ్లలో ఇదే చర్చ. పిల్లని క్రాస్ కంట్రీలో (దూరపు పరుగు జట్టు) ఉంచాలా, మాన్పించి శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కోచింగ్‌లో వేయాలా? టెన్నిస్ టీంలో చోటు రాలేదు, ఇప్పుడేం చేయాలి? నా పిల్లలిద్దరూ డాలస్ దగ్గర పబ్లిక్ హైస్కూల్లో చదివారు. అమ్మాయి నాలుగేళ్లు పరిగెత్తింది. అబ్బాయిని తొమ్మిదో తరగతిలో టెన్నిస్ టీంలోకి తీసుకోలేదు. ఇద్దరి అప్లికేషన్లూ దగ్గరుండి చూశాను. ఆ తర్వాత తెలిసినవాళ్ల పిల్లలకూ సాయం చేస్తూ వచ్చాను. నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

ఆటలను ఎక్స్‌ట్రాకరిక్యులర్ కిందే లెక్కిస్తారా, వేరేగా చూస్తారా?

రెండు దారులున్నాయి. ఆ రెంటినీ కలిపి మాట్లాడుకోవడం వల్లే మనవాళ్లలో ఇంత గందరగోళం.

మొదటిది రిక్రూట్ అయ్యే దారి. కాలేజీ జట్టు కోచ్ ఈ పిల్ల తనకు కావాలని అడ్మిషన్ ఆఫీసుకు చెబుతారు. రెండోది మామూలు దారి. పిల్ల హైస్కూల్లో ఆడింది, కాలేజీ జట్టులో ఆడబోవడం లేదు. అప్పుడు ఆ ఆట డిబేట్, బ్యాండ్, రోబోటిక్స్, గుడిలో సేవ లాగే ఒక యాక్టివిటీ. వాటి పక్కనే కూర్చుంటుంది, వాటికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో 2018లో బోస్టన్ కోర్టులో హార్వర్డ్ అడ్మిషన్ల మీద నడిచిన కేసులో బయటపడింది. చదువుకు, ఎక్స్‌ట్రాకరిక్యులర్లకు, ఆటలకు, వ్యక్తిత్వానికి అక్కడ విడివిడిగా రేటింగ్ ఇస్తారని తెలిసింది. కోచ్‌లు ఎంచుకున్న క్రీడాకారుల్లో వందకు సుమారు 86 మందికి సీటొచ్చింది. మొత్తం దరఖాస్తుదారుల్లో చూస్తే వందకు ఐదారుగురికే.

ఆ 86 అంకె చూసి చాలామంది ఆరాటపడతారు. కానీ ఆ పిల్లలు అప్లికేషన్ పెట్టేనాటికే కోచ్ వడపోతా, మార్కుల వడపోతా దాటి వచ్చినవాళ్లు. హైస్కూల్లో ఆడేవాళ్లలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) కాలేజీ జట్ల దాకా వెళ్లేది వందకు ఏడెనిమిది మంది. అందులో పై స్థాయి అయిన డివిజన్ 1 దాకా వెళ్లేది ఇద్దరు. కాబట్టి మన పిల్లల్లో చాలామందిది రెండో దారే, ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

మన దగ్గరి స్పోర్ట్స్ కోటా లాంటిదేనా ఇది?

కాదు. మా అత్తగారు ఇప్పటికీ "సర్టిఫికెట్లు భద్రంగా దాచారా?" అని అడుగుతారు. ఆవిడ తప్పు లేదు. ఆంధ్రలో, తెలంగాణలో స్పోర్ట్స్ కోటా సీటంటే సర్టిఫికెట్ల పరిశీలన. అంతర్జాతీయ స్థాయిదా, జాతీయ స్థాయిదా, రాష్ట్ర స్థాయిదా అన్న దాన్ని బట్టే వరుస. 2024-25 నుంచి ఐఐటీ మద్రాసు కూడా ఒక్కో బీటెక్, బీఎస్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు క్రీడాకారులకు కేటాయిస్తోంది.

అమెరికాలో మామూలు అప్లికేషన్‌తో పాటు సర్టిఫికెట్ ఎవరూ అడగరు. పతకాల ఫోటోలు పంపే చోటే ఉండదు. ఫలానా ట్రోఫీకి ఇన్ని పాయింట్లన్న పట్టికా లేదు. అప్లికేషన్ చదివే మనిషి, ఈ పిల్ల తన సాయంత్రాలు ఎక్కడ గడిపింది, అక్కడ ఏం చేసింది, ఎన్నాళ్లు నిలబడింది అని చూస్తారు. ఈ పద్ధతికి అలవాటు పడటానికి మాకు రెండేళ్లు పట్టింది.

ఏ కాలేజీ ఎంత పట్టించుకుంటుందో ముందే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. దాదాపు ప్రతి కాలేజీ ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం విడుదల చేస్తుంది. అందులో సీ7 అనే భాగం తీయండి. మార్కులు, ఎస్సే, సిఫారసు లేఖలు, ఎక్స్‌ట్రాకరిక్యులర్లు, ప్రతిభ, ఇలా ఒక్కోదాని ఎదురుగా చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అన్న నాలుగు గడుల్లో ఒకదాంట్లో గుర్తు పెడతారు. కాలేజీ పేరు, ఆ పత్రం పేరు కలిపి వెతికితే దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపులో గంటసేపు వాదించుకునే బదులు ఈ ఒక్క పేజీ చూడటం మేలు.

ప్రతిభ అనే గడి ఎక్స్‌ట్రాకరిక్యులర్ గడికి వేరుగా ఉంటుందని గమనించండి. రిక్రూట్ అయ్యే స్థాయి ఆట దాని కిందకి వస్తుంది. మామూలుగా ఆడే ఆట ఎక్స్‌ట్రాకరిక్యులర్ గడిలోకి వస్తుంది.

కాలిఫోర్నియాలోని కాల్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో చాలావాటికి మార్కులు, కోర్సులే ప్రధానం. వాటికి మాత్రమే పెట్టే పిల్లలు కాలేజీ కోసమని ఆట ఎంచుకోవాల్సిన పనే లేదు, ఇష్టమైతే ఆడుకోవచ్చు.

కామన్ యాప్‌లో ఆటను ఎక్కడ, ఎలా రాయాలి?

చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి అప్లికేషన్ ఇది. దాని యాక్టివిటీస్ విభాగంలో గరిష్ఠంగా పది గడులుంటాయి. ఒక్కోదానికి ముందు రకం ఎంచుకోవాలి. ఆటలకు రెండు రకాలున్నాయి: క్లబ్ ఆట ఒకటి, స్కూలు జేవీ (రెండో జట్టు) లేదా వార్సిటీ (ప్రధాన జట్టు) ఆట ఇంకొకటి. తర్వాత హోదా రాయడానికి 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, ఏం చేశారో చెప్పడానికి 150. ఖాళీలు, కామాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆపైన ఏయే తరగతుల్లో ఆడారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, కాలేజీలో కొనసాగించాలని ఉందా అని అడుగుతారు. పదింటినీ ముఖ్యమైనది ముందు వచ్చేలా పేర్చాలి.

ఆ 150 అక్షరాల దగ్గరే పిల్లలు బోల్తా పడతారు. మా అమ్మాయి మొదట రాసింది ఇదీ: టీంవర్క్ నేర్చుకున్నాను, క్రమశిక్షణ వచ్చింది, కష్టపడే తత్వం అలవడింది. అది ఎవరు పరిగెత్తినా రాసే మాట. చెరిపేయమన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి రాసింది వేరు. ఐదు కిలోమీటర్ల టైము తొమ్మిదిలో ఎంత, పన్నెండులో ఎంత, వేసవిలో పొద్దున్నే ఆరింటికి కొత్త రన్నర్లను పోగేసి ఎంతమందిని పరిగెత్తించింది. అంకెలు, చేసిన పని, అంతే. స్కూలు పేరు, ఆట పేరు పై గడిలో ఎలాగూ ఉంటాయి కాబట్టి మళ్లీ ఇక్కడ రాసి అక్షరాలు వృథా చేసుకోవద్దు.

గంటల లెక్క సీజన్‌లో ఎన్నో రాయాలి, ఏడాది మొత్తానికి పంచేయకూడదు. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు, శనివారం పోటీకి నాలుగు గంటలు అనుకుంటే వారానికి 14 గంటలు. సీజన్ 13 వారాలైతే 13 అనే రాయాలి. వేసవి ప్రాక్టీసు నిజంగా ఉంటే ఆ వారాలు కలపొచ్చు. క్రాస్ కంట్రీ, ట్రాక్ రెండూ చేసేవాళ్లు, మిగతా గడులు నిండుగా ఉంటే ఒకే గడిలో కలిపేయొచ్చు. లేకపోతే విడివిడిగా రాసుకోవచ్చు.

జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి గుర్తింపు వస్తే దాన్ని ఆనర్స్ విభాగంలో పెట్టండి. అక్కడ ఐదు గడులుంటాయి. అప్పుడు 150 అక్షరాల్లో దాని ప్రస్తావన అక్కర్లేదు.

యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) అప్లికేషన్ వేరే. అవార్డులు, ఉద్యోగాలు, సేవ అన్నీ కలిపి 20 దాకా రాయొచ్చు, ఒక్కోదాని వివరణకు 350 అక్షరాలు ఇస్తారు. ఎంఐటీ మాత్రం నాలుగింటికి మించి రాయొద్దంటుంది. నాలుగే ఎంచుకోమంటే ఆట ఉంటుందా, పోతుందా? పిల్లనే అడగండి. దానికి ఆ ఆట ఎంత ముఖ్యమో అప్పుడు మీకే తెలిసిపోతుంది.

నాలుగేళ్లూ జేవీలోనే ఉండిపోయాడు, వార్సిటీ రాలేదు. రాయడం దండగా?

రాయాలి. మూడువేల మంది పిల్లలున్న స్కూల్లో టెన్నిస్ వార్సిటీ దొరకడానికీ, ఐదొందల మంది ఉన్న స్కూల్లో దొరకడానికీ పోలిక లేదు. అప్లికేషన్‌తో పాటు స్కూలు కౌన్సిలర్ పంపే స్కూలు వివరాల పత్రం వల్ల మీ స్కూలు ఎంత పెద్దదో చదివేవాళ్లకు తెలుస్తుంది. వార్సిటీ అన్న మాట ఒక్కటే ఏ కాలేజీకీ సీటు తెచ్చిపెట్టదు. జేవీలో నాలుగో ఏడు కూడా ఉండి, కొత్తగా వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలకు సర్వ్ నేర్పినవాడి గురించి ఆ 150 అక్షరాల్లో చెప్పడానికి చాలానే ఉంటుంది.

అయితే ఒకటి. కొన్ని స్కూళ్లలో పన్నెండో తరగతి పిల్లలను జేవీలో ఉంచరు. ఆ సంగతి పదకొండులోనే కోచ్‌ని అడిగి తెలుసుకోండి.

ట్రైఔట్స్‌లో (జట్టు ఎంపికలో) తీసేశారు. ఇప్పుడు?

మా అబ్బాయికి జరిగింది ఇదే. ఎనిమిదేళ్ల వయసు నుంచి టెన్నిస్ ఆడాడు. పేర్ల జాబితాలో తన పేరు లేదని తెలిసిన రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏం చెప్పాలో నాకూ తోచలేదు. అదే వయసులో పరీక్ష పోతే ఏం చెప్పాలో మనకు తెలుసు, ఆట పోతే తెలియదు. మన ఇళ్లలో ఆ అలవాటు లేదు.

దారులైతే ఉన్నాయి. క్రాస్ కంట్రీ, ట్రాక్, రెజ్లింగ్‌లలో చాలా స్కూళ్లు ఎవరినీ తీసేయవు, వచ్చినవాళ్లందరినీ ఉంచుకుంటాయి. కొన్నిచోట్ల ఈత కూడా అంతే. జట్టు మేనేజరుగా ఉండొచ్చు, స్కోర్లు, గణాంకాలు రాసే పని తీసుకోవచ్చు. అదీ యాక్టివిటీయే. మావాడు పధ్నాలుగేళ్లకు సాకర్ రిఫరీ సర్టిఫికెట్ తీసుకుని చిన్నపిల్లల మ్యాచ్‌లకు వెళ్లాడు. గట్టిగా అరిచే తండ్రులను ఒక పిల్లాడు శాంతపరచాల్సి వచ్చే పని అది. టెన్నిస్ టీంలో ఉండుంటే వాడికి ఇంత నేర్పు వచ్చేది కాదనిపిస్తుంది నాకు. అప్లికేషన్లో దాన్ని ఆటల కింద కాకుండా, జీతం వచ్చే పని అన్న రకం కింద రాశాడు.

ఇక్కడ ముఖ్యమైన విషయం. హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. రిఫరీ, లైఫ్‌గార్డ్, డబ్బిచ్చే కోచింగ్ ఏదైనా సరే, చేయనివ్వకండి. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న ఇల్లైతే మరీ జాగ్రత్త. వాళ్లు సేవా సంస్థల్లో వాలంటీరుగా చిన్నపిల్లలకు ఆట నేర్పొచ్చు.

పదకొండో తరగతిలో ఆట మాన్పించి చదువు మీద పెట్టించడం మంచిదే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే.

మనవాళ్ల లెక్క ఇలా ఉంటుంది. వారానికి 14 గంటలు ఆటకి పోతున్నాయి, అవి ఏపీ (కాలేజీ స్థాయి కోర్సు) ఫిజిక్స్‌కీ శాట్‌కీ ఇస్తే మార్కులు పెరుగుతాయి. కాగితం మీద సరిగ్గానే ఉంది. ఇంట్లో జరిగేది వేరు. పరుగు మానేసిన పిల్ల ఆ రెండు గంటలూ ఫిజిక్స్ చదవదు, ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. రాత్రి నిద్ర తగ్గుతుంది. ఆటలో ఉన్నన్నాళ్లూ ఎనిమిదింటికల్లా హోంవర్క్ ముగించాలన్న తొందర ఉండేది, అదీ పోతుంది. అందరికీ ఇలాగే అవుతుందని అనను. నేను దగ్గర్నుంచి చూసిన ఇళ్లలో ఎక్కువగా ఇలాగే అయింది.

అడ్మిషన్ వైపు నుంచి చూసినా నష్టమే. యాక్టివిటీస్ గడిలో తరగతులు టిక్ పెట్టాలి కదా. 9, 10 టిక్కులుండి 11, 12 ఖాళీగా ఉంటే ఆ పిల్ల మధ్యలో వదిలేసిందని కనిపిస్తుంది. దాని స్థానంలో ఇంకా లోతైనదేదో వచ్చి ఉంటే ఫర్వాలేదు. పరిశోధనో, ఉద్యోగమో, ఇంట్లో తాతగారిని చూసుకోవాల్సిన బాధ్యతో. శాట్ కోచింగ్ అయితే ఏ గడిలోనూ పట్టదు. పైగా కెప్టెన్సీ, ఇతర బాధ్యతలు వచ్చేది ఎక్కువగా పదకొండు, పన్నెండుల్లోనే. రెండేళ్లు నారుపోసి, నీరుపోసి, కోతకొచ్చేవేళకు పొలం వదిలేసినట్టు.

కానీ పిల్లే వచ్చి "అమ్మా, నాకిక ఇష్టం లేదు" అంటే వినండి. గాయాల భయమో, కోచ్ తీరో, జట్టులో ఒంటరితనమో ఏదో ఉంటుంది. కాలేజీ కోసమని లాక్కొచ్చిన ఆట అప్లికేషన్లో కూడా నిర్జీవంగానే కనిపిస్తుంది. మానేయడం పిల్ల నిర్ణయమైతే ఒక మాట, మన భయమైతే ఇంకో మాట.

టెక్సస్‌లో ఆటల పీరియడ్ వల్ల ర్యాంకు పడిపోతుందా?

స్కూల్ డిస్ట్రిక్టును బట్టి ఉంటుంది. ఇక్కడ చాలా స్కూళ్లలో ఆట టైంటేబుల్లో ఒక పీరియడు. దానికి ఏపీ క్లాసుల్లా అదనపు పాయింట్లు ఉండవు. ఆ పీరియడును ర్యాంకు లెక్కలో కలిపే డిస్ట్రిక్టయితే వెయిటెడ్ జీపీఏ కాస్త తగ్గుతుంది. కలపని డిస్ట్రిక్టుల్లో ఏ తేడా ఉండదు. కౌన్సిలర్‌కు ఒక ఈమెయిల్ పెడితే తేలిపోతుంది. ఆటకు వచ్చే క్రెడిట్‌ను పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్‌గా వాడుకోవచ్చు కాబట్టి వేరే పీఈ క్లాసు తప్పుతుంది, అదొక లాభం.

1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో పై పది శాతంలో ఉన్న టెక్సస్ పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా ప్రవేశం ఉంటుంది. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) మాత్రం ఆ హద్దు ఆరు శాతంగా ఉండేది, 2026 ఫాల్ నుంచి ఐదు శాతం చేశారు. ఆ ఐదు శాతంలో ఉన్న పిల్లకు యూనివర్సిటీలో చోటు ర్యాంకుతోనే వస్తుంది, ఆటతో కాదు. కానీ కంప్యూటర్ సైన్సు, బిజినెస్ లాంటి మేజర్లకు హామీ లేదు. వాటికి ఎస్సేలు, రెజ్యూమె, యాక్టివిటీలు అన్నీ చూస్తారు. ఐదు శాతంలో ఉన్నాం కదా, ఇంకేం అక్కర్లేదు అనుకున్న పిల్లలు అక్కడే దెబ్బతింటున్నారు.

ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాలు పోటీల్లో ఆడనివ్వరు. 1984 నుంచి ఉన్న నియమం ఇది. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపు ఉంది.

క్రికెట్, బ్యాడ్మింటన్ లెక్కలోకి వస్తాయా?

నిక్షేపంగా వస్తాయి. ఎన్‌సీఏఏలో ఈ రెండు ఆటలూ లేవు కాబట్టి వాటి ద్వారా ఎన్‌సీఏఏ జట్లకు రిక్రూట్ అవ్వడం ఉండదు, అంతే. యాక్టివిటీగా వాటికి ఏ లోటూ లేదు. న్యూయార్క్ నగర పబ్లిక్ స్కూళ్ల లీగులో 2008 నుంచి క్రికెట్ ఉంది. అక్కడ ఆడే పిల్లాడు స్కూలు ఆట అనే రాయొచ్చు. కాలిఫోర్నియాలో బ్యాడ్మింటన్ హైస్కూల్ ఆటే. మిగతాచోట్ల క్లబ్ ఆట అన్న రకం ఎంచుకోండి.

క్రికెట్ గురించి రాసేటప్పుడు చదివేవాళ్లకు ఆ ఆట తెలియకపోవచ్చని గుర్తుంచుకోవాలి. లెగ్ స్పిన్నర్, సగటు 31 అని రాస్తే వాళ్లకు అర్థం కాదు. ఎన్ని జట్ల లీగు, వయసు విభాగం ఏది, ఎంత దూరం వెళ్లి ఆడాడు, మైదానం కోసం సిటీ పార్కుల శాఖకు ఎన్ని వినతులు పెట్టాడు, ఇవి అర్థమవుతాయి. మా పరిచయస్తుల అబ్బాయి ఒకడు స్కూల్లో క్రికెట్ క్లబ్ పెట్టడానికి ఏడాది తిరిగాడు. మ్యాటు కొనడానికి సమోసాలు అమ్మాడు. ఆ ఏడాది వాడు తీసిన వికెట్లు ఎన్నో నాకు తెలియదు, అప్లికేషన్లోనూ లేవు. క్లబ్ పెట్టిన కథే ఉంది.

తెలుగు సంఘాల సంక్రాంతి వాలీబాల్, త్రోబాల్ టోర్నీలు ఒక్కరోజు ఆటలు. ఆడితే సంతోషం, గడి నింపడానికి సరిపోవు. ఆ టోర్నీని పిల్ల స్వయంగా నడిపి ఉంటే మాత్రం అది రాయదగ్గ పని.

ఫెన్సింగ్, స్క్వాష్, రోయింగ్ లాంటివి ఆడిస్తే సీటు సులువంటున్నారు, నిజమేనా?

ఆ ఆటల్లో దేశంలో ముందు వరుసలో ఉన్న పిల్లలకు కోచ్‌ల పిలుపు వస్తుంది, నిజమే. ఆ ముందు వరుసకు చేరడానికి పదేళ్లు, ప్రైవేటు కోచింగ్, ఊరూరా టోర్నీలు, విమానం టికెట్లు, హోటళ్లు. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి పన్నెండుకు ఫలితం రావాలనుకోవడం అత్యాశ. పిల్లకు కత్తి పట్టుకోవడం నిజంగా ఇష్టమైతే ఆడించండి. అడ్మిషన్ కోసమే అయితే ఆ డబ్బు కాలేజీ ఫీజుకు దాచుకోవడమే నయమని నా గట్టి అభిప్రాయం.

మా అమ్మాయి ఈతలో బాగా ముందుంది. రిక్రూట్ అవ్వాలంటే ఏం చేయాలి?

కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారని కూర్చోకండి. పిల్లే రాయాలి, మీరు కాదు. తొమ్మిది, పది తరగతుల్లోనే కాలేజీ జట్ల వెబ్‌సైట్లలో ఉండే ఫారాలు నింపి, టైములు, మార్కులు, పోటీల తేదీలతో చిన్న ఈమెయిల్ పంపాలి. డివిజన్ 1లో చాలా ఆటలకు పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 నుంచి కోచ్‌లు నేరుగా మాట్లాడొచ్చు. ఈత, ట్రాక్‌లలో టైమే మాట్లాడుతుంది. ఆ కాలేజీ జట్టులో ఇప్పుడున్నవాళ్ల టైములతో పోల్చుకుంటే మన స్థానం ఎక్కడో తేలుతుంది. టెన్నిస్‌లో ఆటగాళ్ల స్థాయి చెప్పే యూటీఆర్ రేటింగ్ చూస్తారు.

చదువు నియమాలు వేరుగా ఉన్నాయి. డివిజన్ 1, 2లకు 16 కోర్ కోర్సులు కావాలి. వాటిలో జీపీఏ మొదటిదానికి 2.3, రెండోదానికి 2.2 తగ్గకూడదు. మన పిల్లలకు ఇది సమస్యే కాదు. కానీ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవడం మరిచిపోతుంటారు.

స్కాలర్‌షిప్ గురించి మనవాళ్లలో అపోహలు చాలా ఉన్నాయి. హార్వర్డ్ లాంటి కాలేజీలున్న ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా అక్కడ ఆటల స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం ఇస్తారు. డివిజన్ 3లోనూ ఆటల స్కాలర్‌షిప్ లేదు. ఎంఐటీ, షికాగో యూనివర్సిటీ, జాన్స్ హాప్కిన్స్ జట్లు చాలావరకు డివిజన్ 3లోనే ఆడతాయి. చదువులో గట్టిగా ఉండి, ఆటలో బాగా ఉన్నా డివిజన్ 1 స్థాయికి చేరని పిల్లలకు ఇవి చక్కటి చోట్లు. మనవాళ్లు ఎందుకో వీటివైపు చూడరు.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఎన్‌సీఏఏ ఒప్పందంతో డివిజన్ 1లో పద్ధతి మారింది. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితులు పోయి, జట్టులో మొత్తం ఎంతమంది ఉండాలన్న పరిమితులు వచ్చాయి. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే పిల్లలకు చోట్లు తగ్గుతున్నాయి. పాత అనుభవంతో ఎవరైనా సలహా ఇస్తే, 2025కి ముందుదా తర్వాతదా అని అడగండి.

కోచ్ నోటిమాట సీటు కాదు. అడ్మిషన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా మిగతా కాలేజీల అప్లికేషన్లు ఆపొద్దు.

కోచ్‌తో సిఫారసు లేఖ రాయించాలా?

టీచర్ల లేఖల స్థానంలో కాదు. కొన్ని కాలేజీలు అదనంగా ఇంకొకరి లేఖ తీసుకుంటాయి, అక్కడ ఇవ్వొచ్చు. టీచర్లు చూడని గుణమేదో కోచ్ చూసి ఉంటేనే అడగండి.

ఆట మీద ఎస్సే రాయొచ్చా?

రాయొచ్చు, కానీ కష్టం. ఓడిపోయాం, కష్టపడ్డాం, గెలిచాం అనే కథ, కాలు విరిగి మళ్లీ మైదానానికి వచ్చిన కథ ఆ ఆఫీసుల్లో ఏటా గుట్టలుగా వస్తాయి. మ్యాచ్ గురించి కాకుండా మ్యాచ్ పక్కనున్న చిన్న విషయం గురించి రాస్తే పండుతుంది. మా అమ్మాయి రాసింది పరుగు గురించి కాదు. పోటీకి వెళ్లే బస్సులో వెనక సీటులో కూర్చునే ఒక అమ్మాయి గురించి. ప్రతిసారీ చివరగా వచ్చేది, ప్రతిసారీ వచ్చేది.

గాయమై ఒక సీజన్ పోయింది. ఎలా చెప్పాలి?

అదనపు సమాచారం రాసే చోట రెండు మూడు వాక్యాలు చాలు. ఎప్పుడు, ఏమైంది, ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ కాలంలో జట్టుతోనే ఉండి ఏదైనా చేసి ఉంటే అదీ చెప్పండి. ఆ సమయంలో మార్కులు తగ్గి ఉంటే కారణం ఇక్కడే రాయాలి, లేకపోతే చదివేవాళ్లకు తెలిసే మార్గం లేదు.

గంటలు కాస్త పెంచి రాస్తే ఎవరికి తెలుస్తుంది?

పది గడుల్లోని గంటలన్నీ కూడితే వారానికి 70 దాటుతున్న అప్లికేషన్లు నేను చూశాను. స్కూలు, నిద్ర తీసేస్తే అన్ని గంటలు మిగలవు, చదివేవాళ్లకు కూడికలు వచ్చు. అనుమానమొస్తే కౌన్సిలర్‌కు ఫోన్ చేస్తారు. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు. అప్లికేషన్ చివర సంతకం పెట్టేది అందుకే.

2019 మార్చిలో బయటపడ్డ కుంభకోణం గుర్తుండే ఉంటుంది. రిక్ సింగర్ అనే కన్సల్టెంటు ఆడని ఆటలు ఆడినట్టు పిల్లల పేర్లతో ప్రొఫైళ్లు తయారుచేసి, వేరేవాళ్ల ఫోటోల మీద ముఖాలు అతికించి, కోచ్‌లకు లంచాలిచ్చి సీట్లు ఇప్పించాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. తల్లిదండ్రులు కూడా జైలుకెళ్లారు. నాకు అందులో ఎక్కువ గుచ్చుకున్నది పిల్లల సంగతి. తమ పేరు మీద ఏం జరిగిందో కొందరికి తెలియను కూడా తెలియదు. రెండు గంటలు ఎక్కువ రాయడం, లంచమివ్వడం ఒకటే అని నేను అనను. కానీ పిల్ల చేత అబద్ధం టైపు చేయించే తల్లిగా ఉండటం నాకిష్టం లేదు.

కూచిపూడి, ఆట రెండూ కుదరడం లేదు. ఏది వదలాలి?

కాలేజీ కోణంలో రెండింటికీ ఒకే విలువ. ఏది లోతుగా చేస్తోందో అది ఉంచండి. అరంగేట్రం ఉన్న ఏడాది ఆటలో ఒక సీజన్ వదిలేసినా ఎవరూ తప్పు పట్టరు, కోచ్‌కు ముందే చెబితే చాలు. సీజన్లు మూడు నెలలవే కాబట్టి చాలామంది ఫాల్‌లో పరుగు, వసంతంలో నాట్యం అని పంచుకుంటున్నారు.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి అప్లై చేస్తున్నాడు. వాళ్లకు వార్సిటీ, జేవీ ఏమీ లేవే?

లేకపోయినా నష్టం లేదు. ఇంటర్ కాలేజీల్లో మైదానం కూడా ఉండని సంగతి అక్కడి అప్లికేషన్లు చదివే అధికారులకు తెలిసే ఉంటుంది. ప్రతి విద్యార్థినీ తనకు దొరికిన అవకాశాలను బట్టే చూస్తామని ఆ కాలేజీలు చెబుతాయి. అకాడమీలో ఆడితే క్లబ్ ఆటగా రాయాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో జిల్లాకో, రాష్ట్రానికో ఆడి ఉంటే అది ఏ స్థాయో, ఎంతమందిలోంచి ఎంపికయ్యాడో ఒక్క ముక్కలో వివరించాలి, ఎందుకంటే పొట్టి పేర్లు అమెరికావాళ్లకు తెలియవు. పొద్దున ఐదింటికి లేచి బస్సెక్కి స్టేడియంకు వెళ్లి, ఎనిమిదింటికి కాలేజీలో ఉండే పిల్లాడైతే ఆ వివరం కూడా 150 అక్షరాల్లో పడుతుంది. పదో తరగతి తర్వాత ఎంపీసీ కోసం ఆట మానేశాడా, అదీ నిజాయితీగా 9, 10 టిక్కులు పెట్టి వదిలేయమనండి. ఆదివారాలు కాలనీ పిల్లలతో ఇంకా ఆడుతున్నాడా, వాళ్లకేమైనా నేర్పుతున్నాడా అని కూడా అడగండి. మా అన్నయ్య వాళ్లబ్బాయిని నేను అలా అడిగేదాకా, రెండేళ్లుగా తన వీధిలో పదకొండు మంది పిల్లలకు షటిల్ నేర్పుతున్నాడన్న సంగతి అప్లికేషన్లో ఎక్కడా లేదు. అది రాసే విషయమని వాడికి తట్టనే లేదు.